ఒక్క విద్యార్థిని కోసం ఆగిన రైలు: జపాన్ చిన్న ఊరి స్టేషన్ వెనక ఉన్న లెక్కలు

2016 జనవరిలో ఒక కథ ప్రపంచాన్ని చుట్టి వచ్చింది. జపాన్ ఉత్తర కొసన ఉన్న హొక్కైడో దీవిలో, మంచు మేటలు వేసిన ఒక మారుమూల స్టేషన్‌ను బడికి వెళ్లే ఒకే ఒక్క అమ్మాయి కోసం రైల్వే సంస్థ మూసెయ్యకుండా ఉంచిందనీ, ఆమె చదువు పూర్తి కాగానే ఆ స్టేషన్‌కు సెలవు చెబుతారనీ ఆ కథ సారాంశం. చైనా ప్రభుత్వ టెలివిజన్ ఫేస్‌బుక్ పేజీలో వచ్చాక అది కార్చిచ్చులా పాకింది. మన వాట్సాప్ గ్రూపుల్లోకీ వచ్చింది. ఇప్పటికీ అడపాదడపా కొత్తగా జరిగినట్టే ఎవరో ఒకరు పంపుతూ ఉంటారు, చదివినవాళ్ల కళ్లు చెమరుస్తూ ఉంటాయి.

ఆ కథలో నిజం ఉంది, నిజం కానిదీ ఉంది. ఆ రెండింటినీ వేరు చేసి చూస్తే, జపాన్‌లో చిన్న ఊరి స్టేషన్ ఎవరి కోసం ఉంటుంది, దాని ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, అది ఎప్పుడు మూతపడుతుంది అనే ప్రశ్నలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఆ దేశంలో పదేళ్లుగా తెగని చర్చ కూడా ఇదే.

కథలో నిజమెంత

సెకిహొకు లైను హొక్కైడో నడిబొడ్డునున్న అసాహికావా పొలిమేర నుంచి ఓహోత్స్క్ సముద్ర తీరంలోని అబాషిరి దాకా 234 కిలోమీటర్లు సాగుతుంది. దారిలో ఎంగారు అనే పట్టణం పరిధిలో షిరతకి పేరుతో నాలుగు స్టేషన్లు వరసగా ఉండేవి. వాటిలో కమి-షిరతకి అంటే ఎగువ షిరతకి, క్యూ-షిరతకి అంటే పాత షిరతకి, షిమో-షిరతకి అంటే దిగువ షిరతకి. వీటి నడుమ ఏ విశేషణమూ లేని షిరతకి ఒకటి. ఇంటిపేరు ఒకటే అయిన ఈ నాలుగింటిని బయటివాళ్లు కలగాపులగం చేయడంలో ఆశ్చర్యం లేదు.

ఉదయం 7:04కు ఒక రైలు, సాయంత్రం 5:08కి ఒక రైలు మాత్రమే ఆగుతాయని ఆ కథ చెప్పింది. ఆ వేళలు కమి-షిరతకివి. ఆ అమ్మాయి ఎక్కింది క్యూ-షిరతకిలో. అక్కడ ఎంగారు వైపు వెళ్లడానికి ఉదయం ఒక రైలు, తిరిగి రావడానికి మధ్యాహ్నం నుంచి రాత్రి లోపు మూడు రైళ్లు ఆగేవి. ఆ రైల్లో ఆమె ఒంటరి ప్రయాణికురాలు కూడా కాదు. దారి పొడవునా ఇతర విద్యార్థులు ఎక్కేవారు.

మరి మూసివేత తేదీ ఆమె చదువు పూర్తయ్యే నెలతో ఎలా సరిపోయింది? జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. జేఆర్ సంస్థలు (పాత జపాన్ జాతీయ రైల్వే విడిపోగా ఏర్పడినవి) రైళ్ల వేళలను పెద్ద ఎత్తున సవరించేది కూడా సాధారణంగా మార్చిలోనే. 2016 మార్చి 26న, హొక్కైడోకు తొలిసారిగా షింకన్‌సెన్ బుల్లెట్ రైలు వచ్చిన రోజునే, కొత్త కాలపట్టిక అమలులోకి వచ్చింది. ఎగువ, పాత, దిగువ షిరతకిలు మూడూ ఆ రోజు నుంచి లేవు. ఎక్కేవాళ్లు లేరన్నదే సంస్థ చెప్పిన కారణం. ఒక అమ్మాయి కోసం ఆ సంస్థ మూడేళ్లు ఆగిందన్న మాటకు ఆధారం కనిపించదు.

ఆ మూసివేతతో కమికావా, షిరతకి స్టేషన్ల మధ్య 37.3 కిలోమీటర్ల మేర ఒక్క స్టేషన్ కూడా లేకుండా పోయింది. షింకన్‌సెన్ కాని జేఆర్ లైన్లలో పక్కపక్క స్టేషన్ల మధ్య ఇంత దూరం మరెక్కడా లేదు. వైరల్ అయిన కథ కంటే నన్ను ఎక్కువగా కదిలించింది ఈ అంకె.

ఉద్యోగి లేని స్టేషన్ ఎలా నడుస్తుంది

జపాన్ స్టేషన్ అనగానే టోక్యో జనసందోహం కళ్లముందు మెదులుతుంది. దేశంలోని స్టేషన్లలో దాదాపు సగం అందుకు పూర్తిగా భిన్నమైనవి. 2020 మార్చి నాటి ప్రభుత్వ లెక్కల ప్రకారం మొత్తం 9,465 స్టేషన్లలో 4,564 స్టేషన్లలో రైల్వే ఉద్యోగి ఎవరూ ఉండరు. వీటిని ‘ముజిన్ ఎకి’ అంటారు, అంటే మనిషి లేని స్టేషన్ అని అర్థం. వీటికీ, ఉద్యోగులున్న స్టేషన్లకూ నడుమ మరో రకం ఉంది. టికెట్లు అమ్మే పనిని రైల్వే సంస్థ పంచాయతీకో, పక్కనున్న దుకాణదారుకో ఒప్పగిస్తుంది. మన హాల్టు స్టేషన్లలో కమీషన్ మీద టికెట్లు అమ్మే ఏజెంటును చూసినవాళ్లకు ఈ పద్ధతి వెంటనే అర్థమవుతుంది.

ఉద్యోగి లేని స్టేషన్‌లో ప్రయాణం ఎలా సాగుతుందో దగ్గరగా చూద్దాం. చాలా చోట్ల వచ్చేది ఒకటి రెండు పెట్టెల డీజిల్ రైలు. కాకినాడ, కోటిపల్లి మధ్య నడిచిన రైలు బస్సు ఎరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. గార్డు ఉండడు, డ్రైవరు ఒక్కడే ఉంటాడు. ప్రయాణికుడు వెనక తలుపు నుంచి ఎక్కుతాడు. తలుపు పక్కనున్న చిన్న పెట్టెలోంచి ఒక చీటీ బయటికి వస్తుంది, దాని మీద అతడెక్కిన స్టేషన్ సంఖ్య ఉంటుంది. డ్రైవరు తల మీద ఉన్న పలకలో ఒక్కో సంఖ్యకు ఎదురుగా ఛార్జీ కనిపిస్తుంది, రైలు ముందుకు సాగేకొద్దీ అది పెరుగుతూ పోతుంది. దిగేటప్పుడు ముందు తలుపు దగ్గరికి వచ్చి, తన సంఖ్యకు ఎదురుగా ఉన్న మొత్తాన్ని, చీటీతో సహా డ్రైవరు పక్కనున్న డబ్బాలో వేసి దిగిపోతాడు. చిల్లర లేకపోతే నోటు మార్చే ఏర్పాటు కూడా ఆ డబ్బాలోనే ఉంటుంది. స్టేషన్‌లో మనిషి లేకపోయినా లెక్క తప్పకుండా ఉండటానికి చేసిన ఏర్పాటు ఇది.

అయితే మనిషి చేసే పనులన్నీ చీటీ పెట్టె చెయ్యలేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి రైలెక్కడానికి వాలు పలక వెయ్యాలి, చూపు లేనివారికి ప్లాట్‌ఫారం అంచు తెలియజెప్పాలి. ఉద్యోగి లేనిచోట ఈ సాయం కావాలంటే ముందుగా కబురు పెట్టుకోవాలి, అంటే మిగతావాళ్లలా అనుకున్నప్పుడు బయలుదేరే వీలు ఉండదు. స్టేషన్లలో ఉద్యోగులను తీసెయ్యడం తమ సంచార స్వేచ్ఛను హరించడమేనంటూ ఓయితా ప్రిఫెక్చర్‌లోని వికలాంగులు 2020లో క్యూషూ రైల్వే సంస్థ మీద కోర్టుకెక్కారు. (ప్రిఫెక్చర్ అంటే ఇంచుమించు మన రాష్ట్రంలాంటి పాలనా విభాగం.) ఉద్యోగి లేని స్టేషన్లలో ఏయే సౌకర్యాలు ఉండాలో సూచిస్తూ 2022లో ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి చిన్న స్టేషన్ ప్రశ్నకు, అది ఉంటుందా పోతుందా అన్నదానితో పాటు, ఉన్నది ఎవరికి అందుతుంది అన్న రెండో ముఖం కూడా ఉంది.

స్టేషన్‌కు వచ్చేది ఎవరు, ఎందుకు

పల్లె లైన్లలో ఉదయం రైలు ఎక్కేవాళ్లలో సింహభాగం హైస్కూలు పిల్లలది. దీనికి బలమైన కారణాలున్నాయి. జపాన్‌లో కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. ప్రాథమిక, మాధ్యమిక బడులు ఊరికి దగ్గర్లో ఉన్నా, హైస్కూలు మాత్రం పిల్లలు తగ్గి విలీనాలు జరిగేకొద్దీ దూరపు పట్టణానికి చేరుతుంది. తల్లిదండ్రులు రోజూ కారులో దింపగలిగితే సరే, లేకపోతే రైలే దిక్కు. విద్యార్థి పాసు ధర మామూలు ఛార్జీల్లో సగం కూడా ఉండదు. అంటే ఆ రైలు ఎవరికి అత్యవసరమో వాళ్ల నుంచే సంస్థకు అతి తక్కువ ఆదాయం వస్తుంది. తర్వాత చెప్పబోయే లెక్కలన్నిటికీ ఈ ముడే మూలం.

రెండో వర్గం వృద్ధులు. వయసు మీదపడి డ్రైవింగ్ లైసెన్సు వెనక్కి ఇచ్చేసినవాళ్లకు ఆసుపత్రికి, బజారుకు వెళ్లే దారి రైలే. మిగిలినవాళ్లందరికీ ఇంట్లో కారుంటుంది. స్టేషన్ మూసెయ్యొద్దని సంతకం చేసిన పెద్దమనిషే ఏడాదికి ఒక్కసారి కూడా రైలెక్కకపోవడం అక్కడ మామూలు. దీన్ని తప్పుగా ఎంచడం నాకు సబబుగా తోచదు. తాను వాడకపోయినా, తన మనవడికో, ముసలితనంలో తనకో అవసరం పడుతుందన్న భరోసాకు కూడా విలువ ఉంటుంది. ఆ విలువ టికెట్ల డబ్బాలో పడదు, అంతే తేడా.

స్టేషన్ భవనం చేసే పనులు కూడా ప్రయాణంతో ఆగవు. ఇవాతే ప్రిఫెక్చర్‌లోని నిషివాగా అనే మంచుకొండల ఊళ్లో హొత్తో-యుదా స్టేషన్ ఉంది. ఆ స్టేషన్ భవనంలోనే వేడినీటి బుగ్గ స్నానశాల ఉంది, ఊరివాళ్లు, ప్రయాణికులు అందరూ అందులో మునుగుతారు. స్నానపు గదిలో గోడకు రైల్వే సిగ్నల్ దీపాలు బిగించి ఉంటాయి. రైలు రావడానికి 45 నిమిషాల నుంచి 30 నిమిషాల ముందు దాకా పచ్చ దీపం, 30 నుంచి 15 దాకా పసుపు దీపం, ఆ తర్వాత ఎర్ర దీపం వెలుగుతాయి. ఎర్ర దీపం పడిందంటే నీళ్లలోంచి లేచి ఒళ్లు తుడుచుకోవలసిందే. రోజుకు కొన్ని రైళ్లే తిరిగే లైనులో ఒకటి తప్పిపోతే గంటల తరబడి కూర్చోవాలి, అందుకే ఆ దీపాలకు అక్కడ నిజమైన పని ఉంది.

చిబా ప్రిఫెక్చర్‌లోని ఎమి స్టేషన్‌ది మరో దారి. 2020 ఆగస్టులో ఆ ఊరి తపాలా కార్యాలయాన్ని స్టేషన్‌లోకే తెచ్చారు. ఉత్తరాలు తీసుకునే సిబ్బందే రైలు టికెట్ల పనీ చూస్తారు. విడివిడిగా నిలబడలేని రెండు సేవలు ఒక కప్పు కింద ఒకదానికొకటి ఊతమయ్యాయి. దక్షిణాన కగోషిమా ప్రిఫెక్చర్‌లో 1903లో కట్టిన కరెయిగావా చెక్క స్టేషన్‌కు వారాంతాల్లో జనం రైలు కంటే అక్కడ అమ్మే భోజనం పొట్లం కోసం ఎక్కువగా వస్తారు.

మొదటి లెక్క: రవాణా సాంద్రత

ఒక లైను బతకాలా వద్దా అని తేల్చడానికి జపాన్‌లో వాడే ముఖ్యమైన కొలబద్ద రవాణా సాంద్రత. నిర్వచనం సులువే. ప్రతి ప్రయాణికుడు ఎన్ని కిలోమీటర్లు వెళ్లాడో కూడి, ఆ మొత్తాన్ని లైను పొడవుతోనూ, రోజుల సంఖ్యతోనూ భాగించాలి. లైనులోని ఒక సగటు కిలోమీటరు మీదుగా రోజుకు ఎంతమంది దాటుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

ఒక ఊహా లైనుతో లెక్క వేద్దాం. కొండ పల్లె నుంచి పట్టణం దాకా 20 కిలోమీటర్లు. సరిగ్గా మధ్యలో ఒక స్టేషన్ ఉంది. అక్కడి నుంచి 200 మంది విద్యార్థులు రోజూ పట్టణానికి వెళ్లి వస్తారు. కొండ పల్లె నుంచి 100 మంది మొత్తం దూరం వెళ్లి వస్తారు. విద్యార్థుల లెక్క 200 మంది, రెండు వైపులా, 10 కిలోమీటర్లు, వెరసి 4,000. మిగతావారి లెక్క 100 మంది, రెండు వైపులా, 20 కిలోమీటర్లు, అదీ 4,000. మొత్తం 8,000ను 20తో భాగిస్తే సాంద్రత 400.

ఇప్పుడు చిక్కులు మొదలవుతాయి. బడి ఏడాదిలో 200 రోజులే నడిచిందనుకుంటే, ఏడాది సగటులో అదే సాంద్రత 310కి పడిపోతుంది. పిల్లలు అంతమందే, అవసరమూ అంతే, సెలవు రోజుల సున్నాలు సగటును కిందికి లాగాయి. ఇంకొకటి, లైనును రెండు ముక్కలు చేసి చూద్దాం. బడి రోజున పట్టణం వైపు సగంలో సాంద్రత 600, పల్లె వైపు సగంలో 200. 500 లోపు ఉన్న భాగాలను మూసెయ్యాలని ఎవరైనా గీత గీస్తే, మొత్తంగా చూసినప్పుడు లైనంతా పోతుంది, ముక్కలుగా చూసినప్పుడు సగం మిగులుతుంది. కానీ పల్లె సగం పోయాక ఆ 100 మంది పట్టణం వైపు సగంలోనూ కనిపించరు, అక్కడి సాంద్రత 400కు దిగుతుంది, అదీ గీత కిందికే వస్తుంది. కొమ్మలు నరికితే మాను కూడా ఎండుతుందని పల్లెలవాళ్లు ఎందుకు భయపడతారో ఈ చిన్న గుణకారంలో ఉంది.

ఈ గీతలు ఊహల్లోవి మాత్రమే కావు. 1980 నాటి జాతీయ రైల్వే పునర్నిర్మాణ చట్టం రోజుకు 4,000 సాంద్రతను ప్రధాన గీతగా పెట్టుకుంది. ఆ గీత కింద ఉన్న లైన్లలోంచి, మంచు ప్రాంతాల్లాంటి వాటికి మినహాయింపులిస్తూ, 83 లైన్లను వేరు చేశారు. వాటిలో 45 బస్సులకు మారాయి, 38 వేరే రైల్వేల చేతికి వెళ్లాయి. 2023 అక్టోబరులో అమలైన సవరణ చట్టం తర్వాత, కేంద్ర ప్రభుత్వం చొరవ తీసుకుని చర్చకు పిలిచేందుకు 1,000 లోపు సాంద్రతను ప్రాధాన్యంగా చూస్తున్నారు.

రెండో లెక్క: వంద యెన్‌ల సంపాదనకు ఎంత ఖర్చు

పత్రికల్లో పతాక శీర్షికలకు ఎక్కేది రెండో కొలబద్ద. 100 యెన్‌లు సంపాదించడానికి ఎన్ని యెన్‌లు ఖర్చవుతున్నాయి? 100 దాటితే నష్టం. పశ్చిమ జపాన్ రైల్వే సంస్థ 2022 ఏప్రిల్‌లో సాంద్రత 2,000 లోపు ఉన్న 17 లైన్లలోని 30 భాగాల లెక్కలను తొలిసారి బయటపెట్టింది. వాటిలో గెయిబి లైనుకు చెందిన తోజో, బింగో-ఒచియాయి స్టేషన్ల నడుమ భాగంలో 100 యెన్‌లకు 25,416 యెన్‌లు ఖర్చవుతున్నట్టు తేలింది. 2019లో అక్కడి సాంద్రత 11. రోజుకు మూడేసి రైళ్లు అటూ ఇటూ తిరుగుతాయి.

ఆ అంకె గుండెలు గుభేలుమనిపిస్తుంది, కానీ అది చెప్పేది సగమే. భాగహారంలో కింద ఉన్న సంఖ్య చిన్నదైతే ఫలితం కొండంత కనిపిస్తుంది. ఆ భాగం ఏడాది నష్టం సుమారు 25 కోట్ల యెన్‌లు. అదే జాబితాలో జపాన్ సముద్రం వెంబడి సాగే సాన్-ఇన్ లైనులోని ఇజుమో, మసుదా నడుమ భాగంలో నష్టం 300 కోట్ల యెన్‌లకు పైనే. అక్కడ జనం ఎక్కుతారు, కాబట్టి 100 యెన్‌ల లెక్కలో అది అంత భయంకరంగా కనిపించదు. ఖజానాకు పడే చిల్లు మాత్రం పన్నెండు రెట్లు పెద్దది. కాబట్టి ఒక వార్తలో ఏ కొలబద్ద వాడారో చూడకుండా ఏది భారం, ఏది కాదు అని తేల్చలేం.

ఇన్నాళ్లూ నష్టం ఎవరు మోశారు

1987 ఏప్రిల్ 1న జపాన్ జాతీయ రైల్వే విడిపోయి ఆరు ప్రయాణికుల సంస్థలు, ఒక సరుకు రవాణా సంస్థ ఏర్పడ్డాయి. అప్పటికి పాత సంస్థ అప్పు 37 లక్షల కోట్ల యెన్‌లు. కొత్త సంస్థల్లో తూర్పు, పశ్చిమ, మధ్య జపాన్ సంస్థలకు మహానగరాల రైళ్లు, షింకన్‌సెన్ ఉన్నాయి. ఒసాకాలో నిండిన రైలు సంపాదించినది కొండల్లో ఖాళీ రైలును పోషిస్తుందన్నది ఆనాటి ఏర్పాటు, ఎవరూ దాన్ని పెద్దగా పైకి చెప్పుకోకపోయినా.

హొక్కైడోకు అలాంటి పాడి ఆవు లేదు. అందుకే ఆ సంస్థకు 68,220 కోట్ల యెన్‌ల స్థిరీకరణ నిధిని ఇచ్చారు. అసలు ముట్టుకోకుండా, ఏడాదికి 7.3 శాతం చొప్పున వచ్చే 4,980 కోట్ల యెన్‌ల వడ్డీతో నష్టం పూడ్చుకోవాలన్నది పథకం. కాగితం మీద ముచ్చటైన పథకమే. కొద్ది ఏళ్లకే జపాన్ ఆర్థిక బుడగ పేలింది, వడ్డీ రేట్లు సున్నా వైపు జారాయి, నిధి రాబడి కుంచించుకుపోయింది. పాత షిరతకిలో రైలు ఆగడం మానడానికి ఊళ్లు ఖాళీ కావడం ఒక కారణమైతే, టోక్యోలో వడ్డీ రేట్లు పడిపోవడం మరో కారణం. ఆ ఫేస్‌బుక్ కథలో చోటు దొరకనిది ఈ రెండో కారణమే.

చట్టం కూడా మారింది. 2000 మార్చి దాకా ఒక లైనును మూసెయ్యాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ తర్వాత ఏడాది ముందు తెలియజేస్తే చాలు. అయినా సంస్థలు ఊళ్ల సమ్మతి లేకుండా తెగించడం అరుదు. 2016 నవంబరులో హొక్కైడో సంస్థ, తన లైన్లలో సుమారు సగం, అంటే 1,237 కిలోమీటర్లు, ఒంటరిగా నిలబెట్టలేనని ప్రకటించింది. 2020లో కరోనా వచ్చి నగరాల రైళ్లు కూడా ఖాళీ అయ్యాక, ఒసాకా సొమ్ముతో కొండలను పోషించే పాత ఏర్పాటు పశ్చిమాన, తూర్పునా కూడా బీటలు వారింది. 2022లో లెక్కలన్నీ బయటికి రావడానికి ఇదే నేపథ్యం.

రైలు వద్దు, బస్సు మేలు అనేవారి వాదన

ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. పట్టాలు, వంతెనలు, సొరంగాలు పదిమంది ఎక్కినా వెయ్యిమంది ఎక్కినా ఇంచుమించు ఒకే ఖర్చు అడుగుతాయి. మంచు దేశంలో పట్టాల మీద మంచు తోడటానికే వేరే యంత్రాలు కావాలి. రైలు గొప్పతనం ఒకేసారి ఎక్కువమందిని మోయడంలో ఉంది. మోయడానికి పదిమందే ఉన్నప్పుడు ఆ గొప్పతనం అక్కరకు రాదు. పైగా బస్సు ఆసుపత్రి గుమ్మం ముందు, బడి గేటు ముందు ఆగగలదు. వందేళ్ల కిందట గనుల కోసమో, కలప కోసమో వేసిన పట్టాలు ఈనాటి ఆసుపత్రి దగ్గరికి జరగలేవు.

హొక్కైడోలోని యూబారి ఈ వాదననే ఆచరణలో పెట్టింది. 1960లో 1,17,000 దాకా జనం ఉన్న ఆ బొగ్గు పట్టణం, గనులు మూతపడి, 2007లో నగరపాలనే దివాలా తీసి, 2020 నాటికి సుమారు 7,300కు పడిపోయింది. అక్కడి 16.1 కిలోమీటర్ల శాఖా లైనును సంస్థ మూసేదాకా ఆగకుండా, 2016 ఆగస్టులో మేయరు నవొమిచి సుజుకి తానే ముందుకు వచ్చి, బదులుగా కొత్త రవాణాకు సాయం చేస్తే మూసివేతకు ఒప్పుకుంటామన్నారు. ఎలాగూ పోయేదాన్ని పోగొట్టుకుంటూ ఏమీ దక్కించుకోకపోవడం కంటే ఇది నయమన్నది ఆయన లెక్క. సంస్థ 75 కోట్ల యెన్‌లు ఇవ్వడానికి అంగీకరించింది. 2019 మార్చి 31న చివరి రైలు వెళ్లింది. సుజుకి ఆ ఏప్రిల్‌లోనే హొక్కైడో గవర్నరుగా ఎన్నికయ్యారు. కొందరు దీన్ని దూరదృష్టి అన్నారు. మిగతా ఊళ్ల బేరసారాల బలాన్ని ఇది తగ్గించిందని ఇంకొందరు అన్నారు. రెండు మాటలకూ ఆధారం ఉంది.

బస్సు వాదనకు ఇప్పుడు కొత్త అడ్డంకి ఎదురైంది. నడపడానికి మనుషులు లేరు. 2024 ఏప్రిల్ నుంచి డ్రైవర్ల అదనపు పనిగంటలకు ఏడాదికి 960 గంటల పరిమితి వచ్చింది. డ్రైవర్ల ఆరోగ్యానికి అది అవసరమైన నిబంధనే, కానీ అప్పటికే ఉన్న కొరతను అది ఇంకా పెంచింది. షింకన్‌సెన్ హొక్కైడో ముఖ్య పట్టణం సప్పొరో దాకా సాగనున్నందున, ఒషామాంబె నుంచి ఒతారు దాకా ఉన్న పాత లైనును బస్సులకు మార్చాలని 2022లో నిర్ణయించారు. తీరా చూస్తే అన్ని బస్సులు నడిపే డ్రైవర్లను ఎక్కడి నుంచి తేవాలో తెలియక చర్చలు నిలిచిపోయాయి. ఒక డ్రైవరు నడిపే రెండు పెట్టెల రైలులో పట్టే పిల్లలను తీసుకెళ్లడానికి మూడు బస్సులు, ముగ్గురు డ్రైవర్లు కావాలి.

ఉంచాలంటే డబ్బు ఎలా వస్తుంది

పిల్లి స్టేషన్ మాస్టరు తామా కథ చాలామంది విన్నదే. వకాయమ ప్రిఫెక్చర్‌లోని కిషి స్టేషన్‌లో, పక్కనే కొట్టు నడిపే వారి పెంపుడు పిల్లికి 2007 జనవరిలో టోపీ పెట్టి స్టేషన్ మాస్టరు పదవి ఇచ్చారు. జీతం పిల్లి మేత. పర్యాటకులు వెల్లువెత్తారు. 2015లో తామా పోయాక నితామా వారసురాలైంది. పిల్లి ఒక్కటే లైనును కాపాడిందని మాత్రం అనుకోకూడదు. ఆ 14.3 కిలోమీటర్ల లైనును పాత యజమాని వదులుకుంటానన్నప్పుడు ఊరివాళ్లు సంఘం కట్టారు. పట్టాల కింది భూమి కొనడానికి ప్రిఫెక్చర్ డబ్బిచ్చింది. వకాయమ, కినోకావా నగరాలు పదేళ్లపాటు గరిష్ఠంగా 82 కోట్ల యెన్‌ల నష్టం భరిస్తామన్నాయి. ఒకయామకు చెందిన ట్రామ్ సంస్థ 2006 ఏప్రిల్‌లో నడపడానికి ముందుకొచ్చింది. తామాకు టోపీ పెట్టేనాటికే పునాది పడి ఉంది.

పైనా కిందా వేరు చేయడం అనేది ఇంకో పద్ధతి. పట్టాలు, వంతెనలు ప్రభుత్వానివి, వాటి మీద రైలు నడిపే పని సంస్థది. రోడ్డు ప్రభుత్వం వేస్తే బస్సు కంపెనీ నడిపినట్టే. 2011 జూలై వరదల్లో వంతెనలు కొట్టుకుపోయిన తదామి లైనును ఈ పద్ధతిలోనే నిలబెట్టారు. బస్సు చాలని తూర్పు జపాన్ సంస్థ అన్నా, ఫుకుషిమా ప్రిఫెక్చర్, దారిలోని ఊళ్లు పట్టు విడవలేదు. సుమారు 900 కోట్ల యెన్‌ల ఖర్చుతో బాగు చేసి, తెగిపోయిన 27.6 కిలోమీటర్లను 2022 అక్టోబరు 1న తిరిగి తెరిచారు. ఏటా దాదాపు 30 కోట్ల యెన్‌ల నిర్వహణ భారం ఇప్పుడు ప్రిఫెక్చర్‌ది, ఊళ్లది. ఎక్కేవాళ్లు అంత తక్కువగా ఉన్నచోట ఈ డబ్బు సార్థకమా అన్న ప్రశ్న అక్కడ ఇంకా ఉంది.

దానికి జవాబు వెతికే పద్ధతుల్లో నాకు అన్నిటికంటే సూటిగా అనిపించేది షిగా ప్రిఫెక్చర్‌లోని ఓమి రైల్వే లెక్క. 59.5 కిలోమీటర్లు, 33 స్టేషన్ల ఆ లైను నష్టాల్లో ఉంది. రైలు ఉంటే ఎంత నష్టం అని మాత్రమే అడగకుండా, రైలు పోతే ఏయే శాఖలు ఎంత ఖర్చు పెట్టాలి అని కూడా అడిగారు. బడి బస్సులు ఎవరు పెట్టాలి, రోగులను ఆసుపత్రికి ఎవరు చేర్చాలి, వృద్ధులకు టాక్సీ కూపన్లు ఎవరివ్వాలి, రోడ్డు మీద పెరిగే కార్లకు ఏమిటి దారి? అవన్నీ కూడితే ఏడాదికి 191 కోట్ల యెన్‌లు తేలింది. రైలును ఉంచడానికి అయ్యే ప్రభుత్వ సాయం, నష్టం కలిపి 67 కోట్లు. ఇలాంటి లెక్కలో ఏ పద్దు చేర్చాలి, ఏది వద్దు అన్న చోట వాదనకు తావు ఉంటుంది, తోజో లాంటి చోట్ల ఇదే లెక్క వేస్తే జవాబు తిరగబడవచ్చు కూడా. ఓమి విషయంలో మాత్రం ఊళ్లు ఒప్పుకున్నాయి. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ పట్టాలు ప్రజల సొత్తు.

బడి కోసం కట్టిన స్టేషన్

ఆ వాట్సాప్ కథ నచ్చినవాళ్లకు చెప్పదగిన మరో స్టేషన్ టోక్యోకు ఈశాన్యాన ఇబరాకి ప్రిఫెక్చర్‌లో, హితాచినకా నగరంలో ఉంది. సముద్రం వైపు సాగే అక్కడి చిన్న లైనును పాత యజమాని వదులుకుంటే, 2008లో నగరపాలన పెట్టుబడితో కొత్త సంస్థ చేపట్టింది. అక్కడ కూడా పిల్లలు తగ్గారు. మూడు ప్రాథమిక బడులు, రెండు మాధ్యమిక బడులు కలిపి ఒకే బడి చేయవలసి వచ్చింది. దాన్ని ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు లైను పక్కనే చోటు చూశారు. 2021 ఏప్రిల్‌లో ఆ బడి మొదలయ్యే ముందు, మార్చి 13న మినోహమ గకుయెన్ అనే కొత్త స్టేషన్ తెరిచారు. ఆ మాటకు అర్థమే మినోహమ విద్యాలయం. దూరపు వాడల పిల్లలు బడి బస్సుకు బదులు ఊరి రైలెక్కి ఆ స్టేషన్‌లో దిగుతారు, నగరపాలన వాళ్ల రాకపోకలకు పెట్టే ఖర్చు ఆ రైలుకే ఆదాయమవుతుంది.